పట్టుకునే మనిషికి బ్యాడ్జీ లేదు

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. పొద్దున ఎనిమిదింటి నుంచి "ఊపిరి పీల్చండి, ఆపండి, ఇక వదలండి" అని రోజుకి నూరుసార్లకి తక్కువ కాకుండా అంటుంది కాబట్టి రోగులు పెట్టిన పేరే ఖాయమైపోయింది. ఊపిరాపమ్మ. ఎక్స్‌రే గది ఎక్కడని అడిగితే గేటు దగ్గర కాపలా మనిషి కూడా, ఊపిరాపమ్మ గదా, నేరుగా వెళ్లి ఎడమచేతి వైపు తిరగండి అనేవాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా ఏమీ అనుకోలేదు. అలాంటి చిన్న చిన్నవాటి మీద వృథా చేసుకునే కోపం కాదు ఆమెది, దానికి వేరే పనులున్నాయి.

దగ్గు వినపడితే చాలు ఎక్స్‌రే రాసిపడేసే డాక్టర్లంటే ఆమెకి ఒళ్లు మంట. చీటీ చేత్తో పట్టుకుని రెండు అంతస్తులు ఎక్కి వెళ్లేది. ఈ పాపకి పోయిన వారమే తీశాం కదా, పిల్లకి ఊపిరితిత్తులేమైనా వారానికోసారి కొత్తవి మొలుస్తాయా అని పదిమంది ముందు అడిగేది. అవతలివాడు నీళ్లు నమిలి చీటీ కొట్టేసేదాకా కదిలేది కాదు. వెనక గయ్యాళి అనేవారు, ముందు మేడమ్ గారూ అనేవారు. రెండూ ఆమెకి ఒకటే. కొట్టేసిన చీటీని జేబులో పెట్టుకుని దిగేటప్పుడు మాత్రం మెట్ల మీద ఆమె మొహం చూడాలి, ఒక పసిదాన్ని బస్సు కిందనుంచి లాగినంత సంతోషంగా ఉండేది.

అలాగని కిరణాల మీద ఆమెకి పగ లేదు. వాళ్ల నాన్న ఫోటో స్టూడియోలో చీకటిగదిలో పనిచేసిన మనిషి. ఎర్రదీపం వెలుగులో ట్రే అటూ ఇటూ ఊపుతుంటే తెల్లకాగితం మీద మొహాలు తేలిరావడం చూస్తూ పెరిగింది. అందుకే ఎక్స్‌రే కోర్సుకి వెళ్లింది. చేరిన కొత్తలో ఫిల్ములు మందులో ముంచి కడిగే రోజులు. అన్నవాహికలో ఇరుక్కున్న నాణెం, ఎవరికీ దొరకని గీతంత ఎముక చీలిక, టీబీ మచ్చ, ఎన్నెన్ని పట్టిచ్చిందో. వాళ్లమ్మకి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ వస్తే, అందరూ అనే మాటలో చెప్పాలంటే, కరెంటు పెట్టించారు, అంటే ఇలాంటి కిరణాలతోనే వైద్యం. ఐదు వారాలు రోజూ వెంట తీసుకెళ్లింది. ఆ తల్లి ఆ తరవాత పదకొండేళ్లు బతికి, వండి, అరిచి, కోడళ్లతో పోట్లాడి మరీ పోయింది. నిప్పు లాంటిదేనమ్మా ఇది, పొయ్యిలో ఉంటే అన్నం, చూరుకి తగిలితే బూడిద అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది.

ఇక ఆ గది. గోడల్లో సీసం, తలుపులో సీసం. మధ్యలో బల్ల, పైన కప్పుకి వేలాడే యంత్రం. ఒక మూల మనిషి నిలబడేటంత అర, దానికి పలకంత మందం సీసపు అద్దం. ఆ అద్దం వెనక నిలబడి ఊపిరాపమ్మ బటన్ నొక్కుతుంది. గోడకి రెండు సీసం కోట్లు. కొత్తది పైనుంచి ఎప్పుడైనా దిగివచ్చే పెద్దలకోసం దాచినది, దాన్ని ముట్టుకుంటే హెడ్ నర్సు ఊరుకోదు. పాతది కుర్చీ మీద మడతపెట్టి మడతపెట్టి లోపల సీసం చిట్లిపోయినది. ఆ పాతది వేసుకునే మనిషి పెద్దక్క.

పెద్దక్క ఊడ్చే పనికి చేరింది. పంతొమ్మిదేళ్ల కిందట ఒకరోజు రెండేళ్ల పాప ఒకత్తి ఛాతీ ఎక్స్‌రేకి వచ్చి గది ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లి వణుకుతోంది, పాప గిలగిలా కొట్టుకుంటోంది, మూడు ఫిల్ములు మసకబారిపోయాయి. పెద్దక్క చీపురు గోడకి ఆనించి, వచ్చి, పాప రెండు చేతులూ తలపక్కకి ఎత్తిపట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. పాప కళ్లు పెద్దవి చేసి ఊపిరి కూడా బిగబట్టింది. ఒక్క ఫిల్ముతో పని అయిపోయింది. ఏం చెప్పావని అడిగితే, ఆ పెట్టెలో ముసలాయన పడుకున్నాడు, కదిలావంటే లేచి తిడతాడు అని చెప్పానంది. ఆ రోజు నుంచి పిల్ల వచ్చిందంటే "పెద్దక్కా, రా" అనే పిలుపే. చీపురు ఇంకొకరి చేతికి వెళ్లింది. కాగితం మీద మాత్రం ఆమె పని మారలేదు, స్వీపర్ స్వీపరే.

రోజుకి ఇరవైమంది పిల్లలు. బటన్ నొక్కే మనిషి అద్దం వెనక, తల్లి తలుపు బయట, పిల్ల ఒంటిమీద ఒక్క క్షణం. ఆ ఇరవై క్షణాలూ యంత్రం కింద చేతులు చాపి, తల వంచి, పిల్ల చెవిలో కథ చెబుతూ నిలబడే మనిషి ఒక్కతే. ఆమె ఒంటికి ఎంత తగులుతోందో కొలిచే బ్యాడ్జీ మాత్రం ఆమెకి లేదు. బ్యాడ్జీ అంటే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ బిళ్ల, అంతే. మూడు నెలలు గుండెమీద పెట్టుకుని పంపిస్తే ఒంటికి ఎంత తగిలిందో లెక్క కట్టి కాగితం పంపుతారు. ఆసుపత్రిలో ఆరుగురికి అవి ఉన్నాయి. ఏడాదికోసారి కూడా ఈ గది గుమ్మం తొక్కని సూపరింటెండెంటుకి ఒకటి. దాన్ని ఆయన సొరుగులో పెట్టుకుంటాడు, ప్రతిసారీ సున్నా వస్తుంది, ఆ సున్నాని చూపించి మన ఆసుపత్రిలో అంతా క్షేమం అంటాడు. సొరుగుకి క్యాన్సర్ రాదని ఎవరికి తెలియదు?

ఊపిరాపమ్మ మధ్యలో ఒకసారి దీన్ని ఆపాలనే చూసింది. తల్లులకే కోటు తొడిగి పట్టుకోమంది. తల్లులు మెత్తగా పట్టుకున్నారు, పిల్లలు కదిలారు, ఒక్కో పిల్లకి రెండేసి మూడేసి తీయాల్సొచ్చింది, బయట వరస గేటు దాకా పోయింది, పైనుంచి డాక్టర్లు కేకలేశారు. వారం తిరిగేసరికి మళ్లీ "పెద్దక్కా, రా". ఒక్కసారితో అయిపోతే పిల్లకే మంచిది కదా అని మనసుకి చెప్పుకుంది. ఆ మాటలో అబద్ధం లేదు. మనసుని ఊరుకోబెట్టడానికి ఆ పాటి నిజం చాలు.

అలా పంతొమ్మిదేళ్లు గడిచాక పెద్దక్క, గదిలో బల్బు వెలుతురు సరిగా లేదని గొణగడం మొదలుపెట్టింది. కరెంటు మనిషి వచ్చి బల్బు మార్చాడు. నెల తిరగకుండా ఇంకోసారి మార్చాడు. మూడోసారి పిలిస్తే, పెద్దమ్మా, ఇంతకంటే వెలుగు కావాలంటే పైకప్పు తీసి సూర్యుణ్ణి దింపాలి అని నవ్వి పోయాడు. ఆ మధ్యాహ్నమే ఒక పాపకి చొక్కా గుండీలు పెట్టబోయి కాజాలు దొరక్క పెద్దక్క వేళ్లతో తడుముకుంటుంటే ఊపిరాపమ్మ చూసింది. మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

రెండు కళ్లలోనూ శుక్లం, అదీ కటకానికి వెనకవైపు. వయసు చూస్తే నలభై ఆరు. చక్కెర జబ్బు ఉందా అంటే లేదు, దెబ్బ తగిలిందా అంటే లేదు, ఏవైనా మందులు చాలాకాలం వాడావా అంటే లేదు. మరి ఏం పని చేస్తావమ్మా అన్నాడు డాక్టరు. ఎక్స్‌రే తీసేటప్పుడు పిల్లల్ని పట్టుకుంటానండీ అంది పెద్దక్క, కాస్త గొప్పగానే. ఆయన చేతిలో టార్చి బల్లమీద పెట్టేశాడు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ఈలోపు ఆ గదిలోకి వెళ్లొద్దు అని చెప్పి, ఆ మాటా, ఇది కిరణాల వల్ల కూడా కావచ్చు అన్న మాటా ఉత్తరంలో రాసిచ్చాడు. ఒంట్లో మిగతా సంగతి ఏమిటని ఊపిరాపమ్మ అడిగింది. అది ఎవరూ చెప్పలేరు, ముప్పు మామూలు మనిషికంటే కొంత ఎక్కువ, ఏమీ కాకపోవచ్చు కూడా అన్నాడు.

ఆ ఉత్తరం పట్టుకుని ఊపిరాపమ్మ తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్లింది. ఆమె ఇంకా ఎవరి తప్పనీ అనకముందే ఆయన ఆసుపత్రి తప్పేమీ లేదన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. ఉత్తరం చదివి, "కావచ్చు" అన్న మాట కింద గోరుతో గీత గీశాడు. కావచ్చు అంటే కాకపోవచ్చు కూడా కదా అన్నాడు.

"రీడింగ్ ఏదమ్మా? రీడింగ్ లేకుండా ఎక్కువ తగిలిందని ఎలా అంటారు?"

"బ్యాడ్జీ ఇవ్వకుండా రీడింగ్ ఎక్కణ్ణుంచి వస్తుంది సార్?"

"స్వీపర్‌కి బ్యాడ్జీ ఎలా ఇస్తాం? అసలు స్వీపర్‌కి ఆ గదిలో ఏం పని?"

ఆ మాటకి ఆమెకి నరం తెగినట్టు కోపం తలకెక్కింది. ఆయన సొంత మనవరాలికి న్యుమోనియా వచ్చి ఎక్స్‌రేకి తెచ్చినప్పుడు, ఆ పెద్దక్కని పిలవండి, ఆవిడైతే చటుక్కున అయిపోతుంది అన్న మనిషి ఈయనే. చేతులు కావాలి, చేతుల వెనక ఉన్న మనిషి మాత్రం లెక్కలో ఉండకూడదు. కొలవకుండా ఉంటే చాలు, పాపం అంటనట్టే.

మెట్లు దిగేలోపు ఆమె నిర్ణయం అయిపోయింది. లెక్క కావాలన్నాడుగా, లెక్కే చూపిస్తాను, ఆ కాగితం ఆయన మొహాన కొడతాను అనుకుంది. మూడు రోజుల్లో కొత్త బ్యాడ్జీలు వచ్చాయి. తన పేరున్న బ్యాడ్జీని తీసి, కోటు పైన, మెడ దగ్గర, కళ్లకి వీలైనంత దగ్గరగా పెద్దక్కకి పెట్టింది. మూడు నెలలు తియ్యకు అక్కా, ఆ తరవాత వాడి సంగతి చూద్దాం అంది. ఆపరేషన్ ఆ నెలాఖరుకే చేస్తామని కంటి డాక్టరు కబురు చేశాడు. దాన్ని కూడా కాస్త వెనక్కి జరిపించింది. ఆపరేషన్ అయితే పెద్దక్క సెలవులో ఉంటుంది, బిళ్ల మీదికి ఏమీ ఎక్కదు.

పెద్దక్క మురిసిపోయింది. ఇన్నేళ్లకి తననీ గదిమనిషి అన్నారనుకుంది. రోజూ కొంగుతో తుడిచి పెట్టుకునేది. నాలుగోరోజు ఆ బరువు కోటు వేసుకోకుండానే బల్ల దగ్గరికి వచ్చింది. ఇదేమిటంటే, బ్యాడ్జీ ఉందిగా చెల్లీ, ఇక అదెందుకు అంది. బ్యాడ్జీ దేన్నీ ఆపదు, ఒట్టి లెక్క రాస్తుంది, అంతే. ఆ సంగతి చెప్పి, నాలుగు చీవాట్లు పెట్టి, కోటు తొడిగి నాడా తానే కట్టింది ఊపిరాపమ్మ. కానీ చీవాట్లు పెట్టడానికి ముందు ఒక్క క్షణం ఆమె ఊరికే నిలబడింది. కోటు లేకపోతే అంకె ఇంకా పెద్దగా వస్తుంది కదా అన్న ఆలోచన ఆ క్షణంలో వచ్చింది. వెంటనే చీ అనుకుంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలూ గడిచాయి. బిళ్ల వెళ్లింది, కాగితం వచ్చింది. ఊపిరాపమ్మ పేరు మీద, ఎర్రగీత కొట్టి. ఈమెకి ఒక్క మూడు నెలల్లో తగలకూడనంత తగిలింది, వెంటనే ఎక్స్‌రే పని మాన్పించండి, కారణం ఏమిటో విచారణ చెయ్యండి అని. ఎన్నడూ కిందికి దిగని సూపరింటెండెంటు మెట్లు రెండేసి చొప్పున దిగివచ్చాడు. ఏం చేశారమ్మా, యంత్రం కింద పడుకున్నారా అన్నాడు. విచారణలో చెబుతాలెండి సార్ అంది ఆమె చల్లగా. ఆ పూట ఇంటికి వెళ్లేటప్పుడు ఆమె నడకే వేరు, పెళ్లి ముహూర్తం కుదిరినంత హుషారుగా వెళ్లింది.

కిరణాల భద్రత చూసే శాఖ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి, ఆమె రిటైర్మెంటుకి దగ్గర పడిన మనిషి. గొంతు పెంచదు, మధ్యలో అడ్డం రాదు, ప్రతి ముక్కా రాసుకుంటుంది. సూపరింటెండెంటు గదిలో అందరూ కూర్చున్నారు. ఊపిరాపమ్మ పెద్దక్కని చెయ్యి పట్టి తీసుకొచ్చి తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టింది. బ్యాడ్జీ పెట్టుకున్నది నేను కాదు, ఈవిడ అని మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పింది. పంతొమ్మిదేళ్లు, రోజుకి ఇరవైమంది పిల్లలు, చిట్లిన కోటు, దాచిపెట్టిన కొత్త కోటు, సొరుగులో బ్యాడ్జీ, స్వీపర్ అన్న మాట. నా బ్యాడ్జీ ఇంకొకరికి పెట్టడం తప్పే, నా ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి, ఆ అంకె మాత్రం నిజం అంది. అధికారి సూపరింటెండెంటుని ఒక్కొక్కటీ అడిగింది. ఆయన తేలు కుట్టిన దొంగలా బల్ల మీది కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఊపిరాపమ్మకి కడుపు నిండినట్టయింది.

అప్పుడు అధికారి కంటి డాక్టరు ఉత్తరం తీసి, కళ్లజోడు సర్దుకుని, ఊపిరాపమ్మ వైపు తిరిగింది.

"ఈ ఉత్తరం మీద తేదీ, మీరు బ్యాడ్జీ పెట్టిన తేదీకి మూడు రోజుల ముందుది. ఆ గదిలోకి వెళ్లొద్దని కూడా ఇందులో ఉంది. ఆపరేషన్ ఎందుకు వాయిదా పడింది?"

ఊపిరాపమ్మ చెప్పింది. చెబుతుంటే తన మాటలు తనకే ఎవరివో అనిపించాయి.

"అంటే కళ్లు పాడయ్యాయని తెలిశాక, ఋజువు కోసం ఈవిణ్ణి ఇంకో మూడు నెలలు అక్కడే నిలబెట్టారు. ఆ మూడు నెలలూ బటన్ నొక్కింది ఎవరు?"

"నేనే."

అధికారి అది కూడా రాసుకుంది. తిట్టలేదు, తల కూడా ఊపలేదు. సూపరింటెండెంటు మొహంలో అంతసేపటికి కాస్త రక్తం తిరిగింది. దాన్ని చూసి ఇంకోరోజైతే ఊపిరాపమ్మ పీక పట్టుకునేది. ఆ రోజు చూసి ఊరుకుంది.

ఉత్తర్వు అప్పటికప్పుడే రాశారు. ఇక ఈ ఆసుపత్రిలో పనిచేసే ఏ మనిషీ ఎక్స్‌రేలో పిల్లల్ని పట్టుకోకూడదు. కదలకుండా ఉంచే పట్టీలు, స్పాంజి దిమ్మలు తెప్పించాలి, తప్పనిసరి అయితే బిడ్డ తాలూకు మనిషి మంచి కోటు వేసుకుని పట్టుకోవాలి. పెద్దక్కకి వారంలో కంటి ఆపరేషన్, ఏటా పూర్తి పరీక్షలు. సూపరింటెండెంటుకి సంజాయిషీ నోటీసు. ఊపిరాపమ్మకి హెచ్చరిక. అనుకున్నదంతా జరిగింది. పంతొమ్మిదేళ్లుగా ఎవరికీ పట్టని పని గంటన్నరలో అయిపోయింది. ఇంత చిన్న పనా ఇది అనిపించి ఆమెకి మళ్లీ కోపం వచ్చింది, కానీ ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

బయట వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. పెద్దక్క ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుగోడ వైపు చూస్తోంది. ఆ గోడ ఆమెకి ఎంతవరకు కనపడుతోందో ఊపిరాపమ్మకి తెలియదు. ఆపరేషన్ కాగానే అంతా బాగుంటుంది అక్కా, నిన్ను తేలిక పనికి వేయిస్తాను, ఎవడు కాదంటాడో చూస్తాను అంది. పెద్దక్క ఆ మాట వినిపించుకోలేదు.

"చెల్లీ, ఒకటి అడుగుతాను, అబద్ధం చెప్పకు. అక్కడ నిలబడి పట్టుకోకూడదని నీకు ఎప్పుడు తెలిసింది?"

కంటి డాక్టరు చెప్పినప్పుడు అనవచ్చు. ఇవాళ ఆ అధికారి చెబితేనే తెలిసిందనవచ్చు. పెద్దక్క నమ్ముతుంది, ఆమె ఏం చెప్పినా నమ్ముతుంది.

"చదువుకునేటప్పుడే అక్కా. చేరిన మొదటి నెలలోనే చెప్పారు."

"అంటే నన్ను మొదటిసారి రమ్మని పిలిచిన రోజుకే నీకు తెలుసు."

"తెలుసు."

లోపల గదిలో ఎవరి పిల్లో ఏడుస్తోంది, తల్లి ఊరుకోబెడుతోంది. అలవాటు కొద్దీ పెద్దక్క అటువైపు సగం లేచి, మళ్లీ కూర్చుంది.

"అందరి మీదా అరుస్తావు కదా చెల్లీ," అంది నెమ్మదిగా. "చీటీ పట్టుకుని పైకి పోయి డాక్టర్లనే కడిగేస్తావు కదా. నాకోసం ఒక్కరోజైనా అరవలేదేం?"

అని, జవాబు కోసం ఆగకుండా, గోడ తడుముకుంటూ లేచి వెళ్లిపోయింది.